ఒక్క కాలే ఎందుకు వాచింది? ఒక పక్క వాపు వెనక ఉండే జబ్బులు

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎడమ చెప్పు బిగుతుగా ఉంటుంది, కుడిది మామూలుగానే ఉంటుంది. ఒక కాలి పట్టీ వదులుగా తిరుగుతుంటే రెండోది చర్మంలోకి దిగిపోతుంది. ఒక చేతి గాజులు సబ్బు రాస్తేగాని రావు. ఒక పక్క వాపును ఇళ్లలో మొదట పట్టించేవి ఇలాంటి గుర్తులే. ఆ తర్వాత జరిగేది కూడా చాలా ఇళ్లలో ఒకేలా ఉంటుంది. "నీరు పట్టిందిలే" అని ఒకరు, "రాత్రంతా బస్సులో కూర్చునొచ్చావుగా" అని ఇంకొకరు. గలిజేరాకు పప్పు, బార్లీ నీళ్లు అయ్యాక, అప్పటికీ తగ్గకపోతే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నీరు దిగే బిళ్ల. ఇంతమంది ఇన్ని మాటలు అంటారు గానీ, నీరే పట్టి ఉంటే రెండో కాలికి ఎందుకు పట్టలేదని మాత్రం ఎవరూ అడగరు.

గుండె బలహీనపడినా, మూత్రపిండాల నుంచి ప్రోటీన్ పోతున్నా, కాలేయం దెబ్బతిన్నా ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి. ఆ నీరు కిందికి దిగి రెండు పాదాల్లోనూ చేరుతుంది. థైరాయిడ్ తక్కువైనా అంతే. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ బిళ్ల పడనివాళ్లకూ అంతే, రెండు చీలమండలూ ఉబ్బుతాయి. ఒళ్లంతటికీ సంబంధించిన జబ్బు కుడిఎడమల తేడా చూడదు. వాపు ఒక్క పక్కే ఉందంటే తేడా కూడా ఆ పక్కనే ఎక్కడో ఉంది. అపార్ట్‌మెంట్‌లో డ్రైనేజీ మెయిన్ లైన్ నిండిపోతే కింది ఇళ్లన్నిటిలో నీళ్లు ఎదురు తంతాయి. ఒక్క బాత్రూంలోనే నీళ్లు నిలిచాయంటే ఆ గొట్టంలోనే ఏదో అడ్డుపడినట్టు.

కాలికైనా చేతికైనా రక్తం వచ్చేది ధమనుల్లోంచి, తిరిగి వెళ్లేది సిరల్లోంచి. కణాల మధ్య మిగిలిపోయే నీరూ ప్రోటీనూ సన్నటి లింఫ్ నాళాల ద్వారా వెనక్కి పోతాయి. సిర మూసుకుపోయినా, లింఫ్ దారి మూసుకుపోయినా ఆ పక్క వాస్తుంది. ఇక మిగిలినవి ఆ చోటనే పుట్టేవి: చీము, సూక్ష్మజీవులు, దెబ్బ, కీలు వాపు, గడ్డ. ఒక పక్క వాపుకు కారణాలు పదుల సంఖ్యలో ఉన్నా అవన్నీ ఈ కొద్ది రకాల్లోనే ఇముడుతాయి. అందుకే నీరు దిగే బిళ్ల ఇక్కడ దాదాపుగా పనికిరాదు. అది మూత్రం ఎక్కువ పోయేలా చేస్తుందే గాని మూసుకున్న దారిని తెరవదు. పైగా ఒకటి రెండు రోజులు వాపు కాస్త తగ్గినట్టు కనిపించి, ఆసుపత్రికి వెళ్లాల్సిన మనిషిని ఇంట్లోనే కూర్చోబెడుతుంది.

చెన్నైలో ఏ ఓపీలో కూర్చున్నా డాక్టరు నోట మొదట వచ్చే ప్రశ్న "ఎత్తనై నాళా?" అనే. ఎన్నాళ్లుగా అని. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి పొద్దుటి రైల్లో సెంట్రల్‌లో దిగి ఆసుపత్రికి వెళ్లే తెలుగువాళ్లు దీనికి "చాన్నాళ్లుగానే ఉందండీ" అని జవాబిస్తుంటారు. ఆ జవాబులో పెద్ద నష్టం ఉంది. గంటల్లో వచ్చిన వాపు వేరు, రెండు మూడు రోజుల్లో పెరిగింది వేరు, నెలలు పట్టింది వేరు, ఏళ్లుగా వస్తూ పోతూ ఉన్నది వేరు. గంటల్లో వచ్చిందంటే దెబ్బో, పురుగు కాటో, ఎలర్జీయో, పాము కాటో. రోజుల్లో వచ్చిందంటే రక్తం గడ్డకట్టడమో, ఇన్ఫెక్షనో. నెలల్లో పెరిగిందంటే లింఫ్ దారిలో అడ్డంకి, లోపలెక్కడో గడ్డ. ఏ పక్క, ఎప్పటినుంచి అనే రెండూ సరిగ్గా చెబితే సగం పరీక్షలు రాయకుండానే డాక్టరుకు దారి దొరుకుతుంది.

పిక్కలో గడ్డకట్టిన రక్తం

రోజుల్లో వచ్చిన ఒక కాలి వాపులో మొదట అనుమానించాల్సింది లోతు సిరల్లో రక్తం గడ్డకట్టడం. డాక్టర్లు డీవీటీ అంటారు. ఎక్కువగా వచ్చేది ఇదే అని కాదు, వదిలేస్తే ప్రాణం తీసేది ఇది కాబట్టి. పిక్కలోనో తొడలోనో కట్టిన గడ్డ ఊడి, రక్తంతో పాటు గుండె దాకా వెళ్లి, అక్కడినుంచి ఊపిరితిత్తుల రక్తనాళంలో ఇరుక్కుంటుంది. కాలు వాచిన మనిషికి ఉన్నట్టుండి ఆయాసం, శ్వాస తీస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తపు జీర, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి వస్తే అది 108కి ఫోన్ చేయాల్సిన సమయం. ఆటో మాట్లాడుకునే సమయం కాదు.

రక్తం సిరలో ఎందుకు గడ్డకడుతుందో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 19వ శతాబ్దం మధ్యలోనే పరిశోధించాడు. ఆయన పేరుతో నేటికీ చెప్పుకునే మూడు కారణాలు ఇవి: ప్రవాహం మందగించడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. ఈ మూడూ మన జీవితాల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నడిచినప్పుడు పిక్క కండరాలు బిగిసి సిరల్లోని రక్తాన్ని పైకి నెడతాయి. హైదరాబాద్ నుంచి చెన్నైకి రాత్రి బస్సులో పది గంటల పైన కాళ్లు వేలాడేసి కూర్చుంటే ఆ పని ఆగిపోతుంది. 4 గంటలకు మించి కదలకుండా చేసే ప్రయాణంలో, అది విమానమైనా రైలైనా బస్సైనా, గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన నివేదిక చెప్పింది. రెట్టింపు అనగానే కంగారు పడనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది సుమారు 6,000 మందిలో ఒకరి మాట. మోకాలి ఆపరేషన్ అయి నెల తిరగకుండా అదే ప్రయాణం చేసేవాళ్ల లెక్క వేరు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లది, ఇదివరకు ఒకసారి గడ్డకట్టినవాళ్లది కూడా వేరే లెక్కే.

గర్భం, కాన్పు ఇంకో పెద్ద కారణం. కాన్పులో రక్తస్రావాన్ని అదుపు చేయడానికి ప్రకృతే రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. కాన్పయ్యాక మొదటి ఆరు వారాలు ఈ ముప్పు అన్నిటికంటే ఎక్కువ. మన ఇళ్లలో బాలింతను మంచం దిగనివ్వకుండా చూసుకునేది కూడా సరిగ్గా ఆ వారాల్లోనే. ప్రేమతో చేసే పనే, కానీ సిజేరియన్ అయిన మనిషిని రోజుల తరబడి పడుకోబెట్టడం మంచిది కాదు. బాలింతకు ఒక్క కాలు వాచి పిక్క నొస్తుంటే "పచ్చి ఒళ్లు కదా" అని సర్దేసుకోకూడదు.

చాలామంది లెక్కలోకే తీసుకోని మందు ఒకటుంది. పెళ్లికో, తిరుమల ప్రయాణానికో నెలసరి వాయిదా వేసుకోవడానికి వేసుకునే బిళ్లలు. వాటిలో ఉండే నోరెథిస్టిరాన్‌లో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, ఈస్ట్రోజెన్ రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. అందరికీ ప్రమాదం అని కాదు. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు షాపులో అడిగి కొనుక్కునే మందు మాత్రం కాదు. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడిగితే షుగరు, బీపీ బిళ్లల పేర్లు చెబుతారు గాని దీన్ని ఎవరూ చెప్పరు.

డీవీటీ ఎడమ కాలికే ఎక్కువగా వస్తుంది. ఎందుకు? పొట్టలో కుడి కాలికి వెళ్లే ధమని, ఎడమ కాలి నుంచి వచ్చే సిరకు అడ్డంగా ముందు నుంచి దాటుతుంది. వెనక వెన్నెముక, ముందు కొట్టుకునే ధమని, మధ్యలో ఆ సిర నలుగుతుంది. 1957లో మే, థర్నర్ అనే ఇద్దరు వైద్యులు 430 మృతదేహాలు పరీక్షించి, 22 శాతంలో ఆ చోట సిర లోపల పొరలు కట్టి ఇరుకైపోయిందని చూపించారు. ఇలా ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. పాతికేళ్ల అమ్మాయికి ఏ కారణం లేకుండా ఎడమ కాలు తొడ దాకా వాచిందంటే మాత్రం డాక్టర్లు ఇక్కడ వెతుకుతారు. గర్భిణుల్లో గడ్డకట్టేది ఎక్కువ భాగం ఎడమ కాల్లోనే కావడానికి కూడా ఈ ఇరుకే ఒక కారణం.

ఇంట్లో చేయగలిగిన కొలత ఒకటుంది, దర్జీ టేపు చాలు. మంచం మీద కాళ్లు చాపి పడుకోవాలి. మోకాలి చిప్ప కింద, ముందు వైపు వేలికి గట్టిగా తగిలే ఎముక బుడిపె ఉంటుంది. అక్కడినుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి పెన్నుతో గీత పెట్టాలి. ఆ గీత దగ్గర పిక్క చుట్టుకొలత తీసి, రెండో కాలికీ అలాగే చేయాలి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే, డీవీటీ అనుమానం ఎంతో లెక్కగట్టడానికి డాక్టర్లు వాడే వెల్స్ స్కోరులో అది ఒక పాయింటు. ఇటీవల ఆపరేషన్ జరిగినా, మూడు రోజులకు పైగా మంచం పట్టినా, క్యాన్సర్ ఉన్నా, నొక్కితే సిర వెంబడి నొప్పి ఉన్నా ఒక్కోటి కలుస్తుంది. నొప్పికి వేరే కారణం కళ్లెదుట కనిపిస్తుంటే రెండు పాయింట్లు తీసేస్తారు. టేపు చెప్పింది చాలదు, తేడా తక్కువే వచ్చిందని ఊరుకోనూ కూడదు. కాకపోతే "కాస్త వాచినట్టుంది" అనే మాటకంటే "3.5 సెంటీమీటర్లు తేడా ఉంది" అనే మాట ఓపీలో త్వరగా పని చేస్తుంది.

పరీక్షల సంగతికి వస్తే, డి-డైమర్ అనే రక్తపరీక్షను ఈమధ్య ఇంటి నుంచే యాప్‌లో బుక్ చేసుకుంటున్నారు. అనుమానం తక్కువగా ఉన్న మనిషిలో అది మామూలుగా వస్తే గడ్డ లేదని ధైర్యంగా చెప్పొచ్చు, దాని ఉపయోగం అంతవరకే. జ్వరం, గర్భం, ఆపరేషన్, పెద్ద వయసు, వీటిలో ఏది ఉన్నా అది ఎక్కువగానే వస్తుంది. రిపోర్టులో ఎర్ర అక్షరాలు చూసి టెన్షన్ పడటం దండగ. అసలు పరీక్ష కాలికి చేసే డాప్లర్ అనే అల్ట్రాసౌండ్ స్కాన్. మామూలు సిరను స్కాన్ పరికరంతో నొక్కితే అణిగిపోతుంది, గడ్డ ఉన్న సిర అణగదు. మొదటి స్కాన్‌లో కనిపించకపోయినా అనుమానం బలంగా ఉంటే వారంలో మళ్లీ చేస్తారు. పొట్టలోని సిరలు ఈ స్కాన్‌కు సరిగ్గా అందవు, తొడంతా వాచినప్పుడు సీటీ అవసరం పడొచ్చు.

గడ్డ ఉందని తేలితే రక్తం పలచబడే మందులు కనీసం మూడు నెలలు వాడాలి. వార్ఫరిన్ రాస్తే తరచూ రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ చూసుకోవాలి. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె దాని పనికి అడ్డు వస్తుంది కనుక గోంగూర, తోటకూర పూర్తిగా మానేయడం కాకుండా ప్రతి వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి కొత్త మందులకు ఆ గొడవ లేదు. గడ్డ ఉన్న కాలికి నూనె పట్టించి తోమించుకోవడం మాత్రం ఎవరు చెప్పినా చేయకూడదు. గడ్డను ఊడగొట్టి ఊపిరితిత్తుల్లోకి పంపడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

ఇదే వేషంలో వచ్చేవి రెండున్నాయి. మోకీళ్లు అరిగినవాళ్లకు మోకాలి వెనక నీటి తిత్తి ఏర్పడుతుంది, బేకర్స్ సిస్ట్ అంటారు. అది పగిలితే ద్రవం పిక్కలోకి జారి డీవీటీలాగే నొప్పి, వాపు వస్తాయి. షటిల్ ఆడుతూ పిక్క కండరం చిరిగినా అంతే. స్కాన్ తీస్తేనే తేడా తెలుస్తుంది.

వాన నీళ్లు, వేళ్ల సందులు

నవంబరు, డిసెంబరు వానలకు వ్యాసర్‌పాడి, పులియందోపు, వేళచ్చేరి వైపు మోకాళ్ల లోతు నీళ్లు నిలవడం చెన్నైవాళ్లకు కొత్త కాదు. 2015 డిసెంబరులో అయితే నగరం సగం అలాగే గడిపింది. ఆ నీళ్లలో నడిచిన కొన్నాళ్లకు ఒక కాలు ఎర్రగా, వేడిగా ఉబ్బి చలిజ్వరం వస్తే అది సెల్యులైటిస్, చర్మం కింది పొరల్లో పాకే ఇన్ఫెక్షన్. ఎక్కువసార్లు దానికి గుమ్మం కాలి వేళ్ల సందుల్లో ఉంటుంది. తడికి చర్మం పాసి, తెల్లగా చీలి, అక్కడినుంచి స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. నగరంలో పారిశుద్ధ్య పనుల్లో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలున్నాయి. గమ్‌బూట్లు లేకుండా కాలువ నీళ్లలో దిగేవాళ్లకు ఇది ఏటా వచ్చే జబ్బు అయిందంటే తప్పు వాళ్ల కాళ్లది కాదు.

ఎర్రదనం అంచు వెంబడి బాల్‌పెన్‌తో గీత గీసి, పక్కన టైము రాసుకోవడం చాలా పనికొచ్చే అలవాటు. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండు రోజుల తర్వాత కూడా ఎరుపు గీత దాటి పాకుతుంటే మందు మార్చాలి, లేదా లోపల చీము ఉందేమో చూడాలి. పైకి కనిపించేదానికి మించి నొప్పి, నల్లటి మచ్చలు, నీటిపొక్కులు, నొక్కితే చర్మం కింద గాలి ఆడుతున్నట్టు చప్పుడు ఉంటే అది కండరాల పొరను తినేసే ఇన్ఫెక్షన్. అప్పుడు గంటలే లెక్క. కాసిమేడు రేవులో చేప ముల్లు గుచ్చుకుని చెయ్యి వాచినప్పుడు కూడా అంతే తొందర ఉండాలి, ముఖ్యంగా కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు. రెండు కాళ్లూ ఒకేసారి ఎర్రబడితే మాత్రం అది సెల్యులైటిస్ కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

షుగర్ ఉన్నవాళ్లలో ఇంకో చిక్కు. పాదం వాచి, వెచ్చగా, ఎర్రగా ఉంటుంది. నొప్పి పెద్దగా ఉండదు, జ్వరం ఉండదు. స్పర్శ పోయిన పాదంలో చిన్న ఎముకలు చిట్లుతూ కీళ్లు జారిపోతున్నా మనిషికి తెలియకుండా నడుస్తుంటాడు. దీన్ని షార్కో పాదం అంటారు. మొదటి రోజుల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. పడుకోబెట్టి కాలు పైకెత్తి ఓ పది నిమిషాలు ఉంచితే షార్కోలో ఎరుపు తగ్గుతుంది, ఇన్ఫెక్షన్‌లో తగ్గదు. ఆ పాదం మీద బరువు మోపకుండా ప్రత్యేకమైన పిండికట్టు వేసి నెలల పాటు కాపాడుకోవాలి. లేకపోతే పాదం మధ్యలో కుంగి, అడుగున పుండు పడి, చివరికి కాలు పోయే దాకా వస్తుంది. ఇలాంటి పాదానికి ఉప్పు మూటతో కాపడం పెడితే కాలిన సంగతి కూడా తెలియదు, మర్నాడు బొబ్బలు చూసి తెలుసుకోవాలి.

చెన్నైలో చాలాచోట్ల పుత్తూరు కట్టు బోర్డులు కనిపిస్తాయి. తెలుగువాళ్లకు దానిమీద నమ్మకం ఎక్కువ. ఎముక విరిగిందో లేదో తేలకుండా, వాపు ఇంకా పెరుగుతున్న కాలికి బిగించి కట్టు వేయించుకోవడం ఎక్కడైనా ప్రమాదమే. కట్టు ఆసుపత్రిలో వేసినా అంతే. కట్టు కింద వేళ్లు చల్లబడి, తిమ్మిరెక్కి, కదిపితే భరించలేని నొప్పి వస్తుంటే ఆ కట్టు వెంటనే విప్పించాలి.

బోదకాలు: ఏళ్ల తరబడి

కోనసీమ, శ్రీకాకుళం, కాకినాడ వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడ్డవాళ్లకు ఒక కాలు వాస్తే ఇంట్లో పెద్దవాళ్లు మొదట అనేది బోదకాలు అనే. ఆ అనుమానానికి కారణం ఉంది. వుకరేరియా బాంక్రాఫ్టీ అనే దారంలాంటి పురుగు మనిషి లింఫ్ నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతుంది. మురుగు నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని ఒకరి నుంచి ఒకరికి మోస్తుంది. కూవం, బకింగ్‌హాం కాలువల పక్కన ఉండేవాళ్లకు ఆ దోమ పరిచయం అక్కర్లేదు. చిన్నప్పుడు సొంతూళ్లో అంటిన పురుగు ప్రభావం ముప్పై ఏళ్లు వచ్చాక, ఊరు మారాక బయటపడొచ్చు. "ఇప్పుడు ఉండేది అన్నానగర్‌లో కదా" అనే వాదన పనికిరాదు.

పురుగు పిల్లలు రక్తంలోకి వచ్చేది రాత్రిపూట, 10 గంటల నుంచి 2 గంటల మధ్య ఎక్కువగా. ఆరోగ్య సిబ్బంది రాత్రిళ్లు ఇళ్లకొచ్చి వేలి రక్తం తీసుకునేది అందుకే. కాలు బాగా వాచిపోయిన దశలో రక్తంలో పురుగులు దొరకకపోవడం మామూలే. భారత ప్రభుత్వం 1955లో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 2004 నుంచి ఏటా ఇంటింటికీ ఈ పురుగుకు వాడే డీఈసీ బిళ్లలు పంచుతూ వచ్చింది, తర్వాత ఆల్బెండజోల్ కూడా కలిపింది. 2027 కల్లా ఈ జబ్బును నిర్మూలించాలన్నది ఇప్పటి లక్ష్యం. ఆ బిళ్లలు పురుగును అదుపు చేస్తాయి, జబ్బు ఇంకొకరికి పాకకుండా ఆపుతాయి. ఒకసారి గట్టిపడిన కాలును మళ్లీ సన్నగా చేయవు. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల కోర్సులు కోర్సులుగా మింగి, గుణం లేదని వైద్యాన్నే వదిలేసినవాళ్లు ఎందరో.

లింఫ్ వాపును గుర్తుపట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కాలి బొటనవేలి పక్క వేలు, పాదాన్ని కలిసే చోట పైచర్మాన్ని రెండు వేళ్లతో మడతపట్టి పైకి లాగాలి. మామూలు పాదంలో చర్మం సన్నగా చేతికి వస్తుంది. లింఫ్ వాపులో అది మందంగా, కింద అతుక్కున్నట్టు ఉండి మడతకు అందదు. మొదటి దశలో ఎముక మీద నొక్కితే గుంట పడుతుంది, పొద్దున్నకి వాపు తగ్గుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గుంట పడటం మానేసి, చర్మం గరుకుగా, ముడతలుగా మారుతుంది.

కాలును లావెక్కించేది పురుగు ఒక్కటే కాదు. కొన్ని నెలలకోసారి వణుకుతో జ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టడం, కాలు ఎర్రబడటం వస్తూ ఉంటాయి. ఒక్కో జ్వరం తగ్గినప్పుడల్లా వాపు ముందున్న చోటికి పూర్తిగా వెళ్లదు, కొంచెం మిగిలిపోతుంది. ఈ జ్వరాలకు కారణం చాలావరకు మళ్లీ ఆ వేళ్ల సందుల్లోంచి దూరే బ్యాక్టీరియానే. అందుకే ఈ జబ్బులో అన్నిటికంటే బలమైన మందు సబ్బూ నీళ్లూ అంటే అతిశయోక్తి కాదు. రోజూ పాదం కడిగి, సందులు పొడి బట్టతో అద్ది, పాసితే ఫంగస్ ఆయింట్‌మెంట్ రాసి, రాత్రి కాలు ఎత్తు మీద పెట్టుకునేవాళ్లకు జ్వరాలు తగ్గిపోతాయి. ప్రభుత్వం రోగులకు టబ్బు, మగ్గు, తువ్వాలు, సబ్బు ఉన్న కిట్ ఇచ్చేది ఇందుకే. ప్లాస్టిక్ టబ్బు చూసి "ఇదా వైద్యం!" అని నవ్వేవాళ్లు ఉంటారు.

దీనికి ఎదురు తప్పు కూడా అంతే ఎక్కువ. కోస్తా నుంచి వచ్చారనగానే వాచిన ప్రతి కాలికీ ఫైలేరియా పేరు పెట్టేయడం. రోజంతా నిలబడే పని చేసేవాళ్లకు ఉబ్బిన సిరలతో సాయంత్రానికి ఒక కాలు ఎక్కువ వాచి, చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి దురద పెడుతుంటే అది సిరల కవాటాల జబ్బు. నలభై దాటిన స్త్రీకి నెలల్లో ఒక కాలు నొప్పి లేకుండా లావెక్కుతుంటే గర్భాశయ ముఖద్వారం, అండాశయం చూడకుండా డీఈసీ రాయడం ప్రమాదం. మగవాళ్లలో ప్రోస్టేట్ సంగతీ అంతే. లోపలి గడ్డ పైనుంచి సిరనూ లింఫ్ దారినీ నొక్కుతుంది. ఏ కారణం లేకుండా రక్తం గడ్డకట్టడం దాగి ఉన్న క్యాన్సర్‌కు గుర్తు కావొచ్చని ఫ్రెంచి వైద్యుడు ఆర్మాండ్ ట్రూసో 1865లో చెప్పాడు. తర్వాత అదే లక్షణం తన ఒంట్లో చూసుకుని తనకేమైందో గ్రహించాడు. 1867లో కడుపు క్యాన్సర్‌తో పోయాడు.

ఒక చేతి గాజులు

చేతి విషయంలో పెద్ద కారణం రొమ్ము క్యాన్సర్ చికిత్స. ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా చేతి నుంచి లింఫ్ వెనక్కి పోయే దారి తగ్గిపోతుంది. వాపు నెలల్లో రావొచ్చు, ఏళ్ల తర్వాత కూడా రావొచ్చు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పూనికతో 1954లో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చేవాళ్లకు కొరత లేదు. చికిత్స పూర్తయి ఊరికి వెళ్లిపోయిన ఆమెకు ఆ పక్క జాకెట్టు చెయ్యి బిగుతైందంటే, గాజు మోచేతి వైపు జరగడం లేదంటే, అదే తొలి గుర్తు. ఈ దశలో ఒత్తిడి తొడుగు, ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామం మొదలుపెడితే చెయ్యి దాదాపు మామూలుగానే ఉంటుంది. బరువే ఎత్తకూడదన్న పాత భయం అక్కర్లేదు, నెమ్మదిగా పెంచుకునే వ్యాయామం హాని చేయదని పరిశోధనల్లో తేలింది. మర్దనలు మొదలుపెట్టేముందు ఒక్కసారి డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే కొత్తగా వచ్చిన వాపు జబ్బు తిరగబెట్టినదానికి గుర్తు కూడా కావొచ్చు. ఇప్పుడు అన్ని గ్రంథులూ తీయకుండా మొదటి గ్రంథిని మాత్రమే పరీక్షించి ఆగే పద్ధతి వచ్చాక ఈ బాధ బాగా తగ్గింది. ఆపరేషన్‌కు ముందు ఆ మాట అడగడం తప్పేమీ కాదు.

జిమ్‌లో భుజాల వ్యాయామాలు అతిగా చేసే కుర్రాళ్లకు భుజం దగ్గర సిరలో గడ్డకట్టి చెయ్యి నీలంగా ఉబ్బడం, కీమో గొట్టం పెట్టిన చేతికి గడ్డకట్టడం, డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన (ఫిస్టులా) చెయ్యి వాయడం, ఇవన్నీ అంత అరుదేమీ కాదు. మూడింటికీ స్కాన్ కావాలి.

ముఖంలో ఒక పక్క వాపు అంటే పది మందిలో ఎక్కువ మందికి పన్నే కారణం. దవడ కింద, నాలుక కింద గట్టిపడి మింగడం కష్టమై మాట ముద్దగా వస్తే అది అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరిగెత్తాల్సిన పని. అన్నం తినేటప్పుడే దవడ కింద ఉబ్బి గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంటే లాలాజల గ్రంథిలో రాయి. గవదబిళ్లలు మొదట ఒక పక్కనే రావొచ్చు. ప్రభుత్వ టీకాల పట్టికలో తట్టు, రుబెల్లాలకు టీకా ఉంది గాని గవదబిళ్లలకు లేదు. గుట్కా, జర్దా దవడలో పెట్టుకునే మనిషికి అదే పక్క చెంప లోపల గట్టిపడితే పన్ను అనుకుంటూ నెలలు గడపకూడదు. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లకు ఉన్నట్టుండి పెదవి, నాలుక ఉబ్బడం ఆ మందువల్లే కావొచ్చు, ఏళ్లుగా వాడుతున్నా సరే. మూతి వంకర పోయినప్పుడు కొందరు వాపు అనుకుంటారు. అది వాపు కాదు, ముఖ నరం పని చేయకపోవడం. చెయ్యి కూడా బలహీనపడితే పక్షవాతమే.

పక్షవాతం వచ్చిన పక్క చెయ్యి, కాలు వాయడం మామూలే, కండరాలు కదలవు కాబట్టి నీరు నిలుస్తుంది. అయితే డీవీటీ ఎక్కువగా వచ్చేదీ ఆ కాలికే. "పడిపోయిన పక్క కదా" అని ఊరుకోకుండా ఒక్కసారి డాప్లర్ తీయించాలి. ఇక మంచం పట్టిన గుండె జబ్బు, కిడ్నీ జబ్బు రోగుల్లో ఒక వింత ఉంటుంది. రాత్రంతా కుడి పక్కకు ఒత్తిగిలి పడుకుంటే పొద్దున్న కుడి చెంప, కుడి చెయ్యి, కుడి నడుము పక్క ఉబ్బి ఉంటాయి. ఎడమకు తిప్పి పడుకోబెడితే కొన్ని గంటల్లో వాపు పక్క మారుతుంది. ఒళ్లంతటి జబ్బు పక్కలు చూడదనే సూత్రానికి మినహాయింపులా కనిపించేది ఇదొక్కటే, నీరు మాత్రం ఒళ్లంతటిదే.

చిన్నపిల్లల్లో ఒక కాలో చెయ్యో, ఒక్కోసారి ఒళ్లు సగమో లావుగా, పొడవుగా పెరుగుతుంటే అది వాపు కాదు, ఎదుగుదల తేడా. ఇలాంటి పిల్లల్లో కొందరికి మూత్రపిండంలో విల్మ్స్ కణితి వచ్చే ముప్పు ఉంటుంది కనుక ఏడెనిమిదేళ్లు వచ్చేవరకు మూడు నెలలకోసారి పొట్ట స్కాన్ చేయిస్తారు.

ఎక్కడికి వెళ్లాలన్న దగ్గర చాలామంది తడబడతారు. కాలు అనగానే ఎముకల డాక్టరు దగ్గర వరసలో కూర్చుంటారు. దెబ్బ తగలని కాలికి, రోజుల్లో వచ్చిన వాపుకు జనరల్ మెడిసిన్ గాని, రక్తనాళాల సర్జరీ విభాగం గాని సరైన చోటు. సెంట్రల్ స్టేషన్‌కు ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. వెళ్లేముందు రెండు కాళ్లూ ఒకే ఫొటోలో పడేలా పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి తీసి ఫోన్‌లో ఉంచుకోవాలి. ఓపీకి వెళ్లే సమయానికి వాపు ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు. వాడుతున్న బిళ్లల అట్టలన్నీ, నెలసరి వాయిదా బిళ్లలతో సహా, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లాలి. తమిళం రాకపోతే తోడుకు వచ్చినవాళ్ల చేత ఏ పక్క, ఏ తేదీ నుంచి అన్నది చీటీ మీద ముందే రాయించుకుంటే చాలు.